మూసీ ఒడ్డుతో జనానికున్న అనుబంధాన్ని ప్రణాళికలో ఎలా నమోదు చేయాలి?

ప్రశ్న – ప్రణాళిక విద్యార్థి:
నగర పునరుజ్జీవనంలో ప్రజల అనుభూతులకూ స్థానిక సంస్కృతికీ చోటివ్వాలని అందరూ అంటారు గానీ, డ్రాయింగు దాకా వచ్చేసరికి ఆ మాట గోడల మీద బొమ్మలుగానో ఫుడ్‌కోర్టుగానో మిగిలిపోతోంది. 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారులు సియోల్ వెళ్లి చియోంగ్గేచియోన్ వాగును చూసి వచ్చాక మూసీ పునరుజ్జీవన చర్చ కూడా ఆ నమూనా చుట్టూనే తిరుగుతోంది. నా ప్రాజెక్టుకు పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ వరకు ఉన్న భాగాన్ని తీసుకున్నాను. రోడ్డు వెడల్పును కొలవగలను. మమకారాన్ని ఎలా కొలవాలి?

సమాధానం – పాతబస్తీ వాసి:
సర్వే పత్రంలో అడిగితే "చాలా ఇష్టం" అన్న జవాబు తప్ప మీకేమీ రాదు. ఎవరు, ఏ రోజున, ఏ దారిన ఆ ఒడ్డుకు వస్తున్నారో చూడండి. బోనాల ముగింపున హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం ఏనుగు మీద ఊరేగుతూ నయాపూల్ దగ్గర మూసీని చేరుతుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురాలో బయల్దేరే బీబీకా ఆలం అనే పవిత్ర ధ్వజం కూడా ఏనుగు మీదనే వచ్చి చాదర్‌ఘాట్‌లో అదే నది ఒడ్డున ఆగుతుంది. అంటే ఏనుగూ దాని వెంట జనమూ పట్టేంత దారి, ఆలానికి తగలనంత ఎత్తులో తీగలు, ఆర్చీలు, నీటి దాకా దిగగలిగే వాలు కావాలి. ఇవన్నీ మీరు కొలవగలిగినవే. 1578 నాటి పురానాపూల్ మీద కూరగాయల బేరాలను తొలగించి వంతెనను అందంగా చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది గానీ, జనం దాన్ని రోజూ తొక్కేది ఆ బేరాల కోసమే.

సమాధానం – సియోల్ ప్రవాసి:
ఇక్కడి వాగును తక్కువ చేయను. దాన్ని కప్పేసిన ఫ్లైఓవరును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి 5.8 కిలోమీటర్ల మేర నడిచే చోటు ఇచ్చారు. అయితే అందులో పారే నీరు చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేదే. 1410 నాటి గ్వాంగ్‌టోంగ్గ్యో వంతెనను పునరుద్ధరించారు, కాకపోతే అసలు స్థానంలో కాదు, కాస్త ఎగువన. పాత సామాన్లు అమ్ముకునే వీధి వర్తకులను దొంగ్‌దేమున్ స్టేడియానికి తరలించారు. కొన్నేళ్లకే డిజైన్ ప్లాజా కోసం ఆ స్టేడియాన్నీ కూల్చడంతో వాళ్లు మళ్లీ మూట కట్టుకోవలసి వచ్చింది. మన బృందాలు వచ్చినప్పుడు రాతి కట్టలతో పాటు ఈ కథ కూడా అడిగితే బాగుంటుంది.

సమాధానం – విశ్రాంత ఇంజనీరు:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. సంస్కృతి పేరుతో వరద పారే చోట ఇళ్లను ఉంచాలనడం నాకు సమ్మతం కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు పుట్టిందే 1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాత. వాటి గేట్లు బాగా ఎత్తినప్పుడల్లా దిగువ బస్తీలకు ఈనాటికీ గుండెదడే. ఆ వరదలో చెట్టెక్కిన సుమారు 150 మందిని కాపాడిందని చెప్పుకునే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. భయం కూడా అనుభూతే, దాన్నీ పటంలోకి ఎక్కించండి. 2024లో చాదర్‌ఘాట్ పరిసరాల నుంచి కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు మార్చారు. ఇలాంటి తరలింపుల్లో లెక్క కుటుంబానికో ఇల్లు చొప్పున సాగుతుంది గనుక, పిల్లలను చూసిపెట్టే పక్కింటి పెద్దమ్మ, చీటీలు నడిపే ఆడవాళ్లు, చేబదులిచ్చే కిరాణా కొట్టు ఏ జాబితాలోనూ ఉండరు. కాబట్టి గల్లీని విడదీయకుండా, పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒకే బ్లాకులో ఇళ్లు కేటాయించాలని మీ ప్రాజెక్టులో ప్రతిపాదించండి. అందుకు ముందుగా ఏ గల్లీలో ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో ఇంటింటికీ తిరిగి రాసుకోవలసి ఉంటుంది.