సంక్రాంతి వేడుక, న్యూజెర్సీ: ఓటు టేబుల్ సంగతి

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా ఇంటి అరుగు మీంచి రాస్తున్నా. హాలు, భోజనాలు, ముగ్గుల పోటీ అక్కలు చూసుకుంటున్నారు. నాకప్పగించింది ఓటరు నమోదు టేబుల్. అందులో ఒక మార్పు అడుగుతున్నా.

నిన్న మా తోటలో కాయలు దింపడానికి ఒకాయన వచ్చాడు. ఎప్పుడో జైలుకెళ్లొచ్చాడు, అప్పట్నుంచీ బూత్ వైపు చూడలేదట. ఎందుకు బాబాయ్ అంటే, మోకు చుట్టుకుంటూ "లోపలికెళ్లొచ్చినోడికి ఓటేంటండీ" అన్నాడు. ఫోన్లో జాబితా తీసి చూస్తే పేరు ఉంది! పోలింగ్ రోజు జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉన్నవాళ్లనే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఆపుతుంది. ఎన్నికల నేరాల శిక్షలది వేరే లెక్క. బెయిల్ మీద బయట ఉన్నా ఓటు వేయొచ్చు. మన కోడిపందెం కేసుల బావలు నిశ్చింతగా ఉండొచ్చు.

అక్కడా ఇదే అపోహ. న్యూజెర్సీలో 2020 మార్చి 17 నుంచి ప్రొబేషన్ (జైలుకు బదులు బయటే నిఘా), పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతులతో విడుదల) మీద ఉన్న పౌరులకూ ఓటుంది. పెద్ద నేరానికి శిక్షపడి జైల్లో ఉన్నంతకాలమే ఉండదు. విడుదలయ్యాక మళ్లీ నమోదు చేసుకోవాలి, అదీ ఎన్నికకు 21 రోజుల ముందే. గోదావరి పాయ దాటితే యాస మారినట్టు రాష్ట్రం దాటితే రూలు మారుతుంది: మెయిన్, వెర్మాంట్‌లో జైల్లోంచే వేస్తారు, టెక్సాస్‌లో ప్రొబేషన్ కూడా పూర్తవ్వాలి. బయటి రాష్ట్రం చుట్టాలకు మన లెక్క చెప్పకండి.

అందుకే టేబుల్ స్టేజీ పక్కన వద్దు. నలుగురి ముందు కేసు సంగతి ఎవరడుగుతారు? మనం కూడా ఎవర్నీ అడగొద్దు. రూలు పెద్దక్షరాల్లో రాసి పెడదాం, చదువుకుని ఫారం తీసుకెళ్తారు.

కోశాధికారి: గ్రీన్‌కార్డు, హెచ్1బీ వాళ్లకు ఆ ఫారం ఇవ్వకండి బాబూ. పౌరులు కానివాళ్లు సంతకం పెడితే దేశం వదలాల్సిన పరిస్థితి రావచ్చు.

నేను: అవును అన్నయ్యా, ముందు పౌరసత్వమే అడుగుదాం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇండియాలో ఓటరుగా నమోదుకు ఫారం 6ఏ ఉంది. పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరొస్తుంది, ఓటుకు మాత్రం స్వయంగా రావాలి.

భోజనాల అక్క: పూతరేకుల కౌంటర్ వెనక మూల ఖాళీ. క్యూలో నిలబడి చదువుకోవచ్చు.

నేను: అదే ఖాయం అక్కా. ఆత్రేయపురం నుంచి నాలుగు పెట్టెలే తేగలను, సూట్‌కేసులో ఆవకాయ కూడా పట్టాలి.