అక్రిలిక్ గోళ్లు ఇంట్లోనే తీసేసుకోవచ్చా? దారంతో లాగమంటున్నారు

వేళచ్చేరి నెల్లూరమ్మాయి
అక్కలూ, కాస్త చెప్పండి. మూడు వారాల కిందట సొంత గోళ్ల మీద పెట్టించుకున్న అక్రిలిక్ (కృత్రిమ) గోళ్లు, పైన జెల్ పాలిష్. ఉంగరం వేలిది ఒక పక్క లేచింది, తల దువ్వుకుంటే వెంట్రుకలు ఇరుక్కుంటున్నాయి. ఎల్లుండి ఊరికెళ్లాలి, పార్లర్‌లో ఖాళీ లేదట. నా దగ్గర మామూలు నెయిల్ పాలిష్ రిమూవర్, ఫాయిల్, దూది, నెయిల్ కట్టర్ ఉన్నాయి. లేచిన చోట దారం దూర్చి లాగితే వచ్చేస్తుందని రూమ్మేట్ అంటోంది. ఉండేది పీజీలో, ఏసీ గది.

నెయిల్ టెక్, అన్నానగర్
దారం జోలికి వెళ్లొద్దమ్మా. లేచిన పక్క సులువుగానే వస్తుంది, అంటుకుని ఉన్న పక్క మాత్రం నీ సొంత గోటి పై పొరల్ని కూడా పట్టుకొస్తుంది. ఆ తర్వాత గోరు కాగితంలా వంగిపోతుంది, వేడి నీళ్లు తగిలినా మంటే.

ముందు అది నిజంగా అక్రిలిక్కేనా అన్నది తేల్చుకో. బ్రష్‌ని ఘాటు వాసన ద్రవంలో ముంచి, పొడి అద్ది, లైటు లేకుండా ఆరనిచ్చారా? అయితే అక్రిలిక్, అసిటోన్‌కి మెత్తబడుతుంది. పొడి లేకుండా జెల్‌తోనే గోరు కట్టి లైటు కింద పెట్టి ఉంటే అది హార్డ్ జెల్ కావచ్చు. దాన్ని ఎంతసేపు నానబెట్టినా కదలదు, అరగదీయాల్సిందే. అది ఇంట్లో వద్దు.

నీ రిమూవర్ పనికిరాదు. అసిటోన్ లేనిదైతే అసలే కాదు, ఉన్నా అందులో నీళ్లు, నూనెలు కలిసి ఉంటాయి. సీసా మీద ప్యూర్ అసిటోన్ అని ఉన్నది 100 మి.లీ. తెచ్చుకో, పది వేళ్లకీ సరిపోతుంది. చెన్నై షావుకారుపేటలో పార్లర్ సామాన్లమ్మే షాపుల్లో దొరుకుతుంది. 100 గ్రిట్ ఫైలు (గరుకుగా ఉండేది), చెక్క పుల్ల కూడా తీసుకో.

పొడవు కత్తిరించేటప్పుడు పక్కల నుంచి కొంచెం కొంచెంగా కొరుకు. మధ్యలో పెట్టి ఒక్కసారిగా నొక్కితే పగులు కింద సొంత గోటి దాకా పాకుతుంది. తర్వాత ఫైలుతో పైనున్న జెల్ పాలిష్ మెరుపంతా పోయేదాకా రుద్దు. చాలామంది బద్ధకించేది ఇక్కడే. ఆ జెల్ పొర ఉన్నంతసేపూ అసిటోన్ లోపలికి దిగదు, గంట నానినా గోరు రాయిలానే ఉంటుంది. పొడి తెల్లగా రాలాలి. అక్రిలిక్ కూడా సగం మందం తగ్గితే మంచిదే. సొంత గోరు తగిలేదాకా మాత్రం పోకు, వేడిగా అనిపిస్తే ఆగిపో.

చుట్టూ చర్మానికి వాసెలిన్ పట్టించు, గోటి మీదకి రానివ్వకు. గోరంత దూది ముక్క అసిటోన్‌లో బాగా తడిపి గోటి మీద పెట్టి, అరచేతిలో సగం ఉండే ఫాయిల్ ముక్కతో బిగించు. ఒక చేయి అయ్యాకే రెండోది. 20 నిమిషాలకి ఒక్క వేలు మాత్రం విప్పి చూడు. జిగురుగా, పొరలు పొరలుగా లేస్తుంటే పుల్లతో మొదట్నుంచి చివరికి తోసెయ్. గీకాల్సి వస్తోందంటే ఇంకా కాలేదన్నమాట. దూది మళ్లీ తడిపి ఇంకో 10 నిమిషాలు చుట్టు.

ల్యాబ్ మనిషి, తాంబరం
పై ఆవిడ చెప్పినదానికి కారణం కూడా ఉంది. అక్రిలిక్ అసిటోన్‌లో చక్కెరలా కరగదు, ఉబ్బి మెత్తబడుతుంది. ఫాయిల్ విప్పగానే అసిటోన్ ఎగిరిపోయి నిమిషంలో మళ్లీ గట్టిపడుతుంది. ఐదు వేళ్లూ ఒకేసారి విప్పితే ఒకటి తోసేలోపు మిగతా నాలుగూ బిగుసుకుంటాయి.

ఏసీ గదిలో మూసుకుని కూర్చోవద్దు, కిటికీ తీసి దాని పక్కన కూర్చోండి. అసిటోన్ ఆవిరి గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. దీపం, అగరుబత్తి, దోమల చక్రం, గ్యాస్ పొయ్యి ఏవీ ఆ గదిలో ఉండకూడదు. వెచ్చగా ఉంటే త్వరగా పనిచేస్తుందని సీసాని మైక్రోవేవ్‌లో పెట్టే సలహాలు వీడియోల్లో తిరుగుతుంటాయి. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, ఆ పని చచ్చినా చేయొద్దు. ఫాయిల్ చుట్టిన చేతిని వేడి నీళ్ల బాటిల్‌కి ఆనించి ఉంచితే చాలు.

గిన్నె స్టీలుదో గాజుదో వాడండి. థర్మకోల్ కప్పు కళ్లముందే కుంగిపోతుంది. ఫోను కవరు, కళ్లజోడు, టేబుల్ వార్నిష్ కూడా దూరంగా ఉంచండి. మిగిలింది సింకులో పోయొద్దు, పీవీసీ పైపుకి మంచిది కాదు. మూత బిగించి దాచుకోండి. దూది బాల్కనీలో ఆరాకే చెత్తలో వేయండి.

వేళ్లు తెల్లబడటం మామూలే, చర్మంలో నూనె పోయిందంతే. మంట మాత్రం మామూలు కాదు, వెంటనే సబ్బుతో కడిగేయండి. గోటి చుట్టూ పుండో చీలికో ఉంటే అసలు మొదలెట్టొద్దు.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి
థాంక్స్ అక్కా, థాంక్స్ అండి. ఎడమ చేయి అయింది. నాలుగు వేళ్లకి వచ్చేసింది, బొటనవేలు మాత్రం అరగంటైనా మొండికేసింది. ఉంగరం వేలికి లేచిన చోట కింద పచ్చగా మరక ఉంది. ఫంగస్సా?

నెయిల్ టెక్, అన్నానగర్
బొటనవేలికి సరుకు మందంగా వేస్తారు, ఫైలు ఇంకాస్త పట్టించి మళ్లీ చుట్టు. పది వేళ్లూ అలాగే ఉండుంటే ఎంఎంఏ అనే చవక ద్రవంతో చేశారేమో అనుకునేదాన్ని. అది చాలా గట్టి, అసిటోన్‌కి సరిగా లొంగదు. అమెరికాలో మందుల్నీ, సౌందర్య సామగ్రినీ నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 1970ల్లోనే దానిమీద చర్య తీసుకుంది, చవక పార్లర్లలో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. రెండోసారికీ పలచటి పొర మిగిలిపోతే వదిలేయ్, 240 గ్రిట్ బఫర్‌తో (సన్నగా అరగదీసేది) నున్నగా చేసుకుంటే గోటితో పాటే పెరిగి పోతుంది.

మరక ముదురు ఆకుపచ్చ అయితే సాధారణంగా బ్యాక్టీరియా, లేచిన సందులో తడి నిలిస్తే వస్తుంది. దాని మీద మళ్లీ గోరు పెట్టించుకోకు, పాలిష్ కూడా వద్దు, పొడిగా ఉంచు. నొప్పి, వాపు, చీము కనిపించినా, గోరు కింద చర్మం నుంచి విడిపోతున్నా చర్మవ్యాధుల డాక్టరుకి చూపించు. షుగరున్నవాళ్లయితే ఇవేవీ వచ్చేదాకా ఆగకుండా వెంటనే వెళ్లాలి.

ఇప్పుడు చేతులు కడుక్కుని, రోజుకి రెండుమూడుసార్లు కొబ్బరినూనె గోటి మొదట్లో రుద్దు. గోరు నెలకి సుమారు 3 మి.మీ. పెరుగుతుంది, మొత్తం కొత్తది రావడానికి ఆరు నెలలు. అప్పటిదాకా పొట్టిగా ఉంచు, అంట్లు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకో. ఇంకో మాట, రుద్దిన గోటికి పసుపు ఇట్టే పట్టేస్తుంది, ఊళ్లో పులిహోర కలిపే పని ఇంకెవరికైనా అప్పజెప్పు.