గుడ్డు పెంకు సాఫీగా రావాలంటే ఏది ముఖ్యం: గుడ్డు వయసా, నీళ్ల వేడా, ఉప్పా?

నయీంనగర్ మెస్

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో విద్యార్థుల కోసం ఒక చిన్న మెస్ నడుపుతున్నాను. బుధవారం, ఆదివారం రాత్రి గుడ్డు పులుసు ఉంటుంది కాబట్టి ఆ రెండు రోజులూ రెండేసి ట్రేలు, అంటే 60 గుడ్లు ఉడకబెడతాము. మొన్న ఆదివారం వాటిలో ఇరవైకి పైగా గుడ్లకు పెంకుతో పాటు తెల్లసొన కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. పచ్చసొన బయటపడిన గుడ్లు పులుసులో చెదిరిపోయాయి. పిల్లల కంచాల్లో అలాంటి గుడ్డు వేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

మా వంటమాస్టర్ నీళ్లలో ఉప్పు తక్కువైందని అంటున్నాడు. మా అమ్మ గుడ్లు మరీ తాజాగా ఉన్నాయని అంటోంది. గుడ్లు వేసే దుకాణం ఆయన మేము సరిగ్గా చల్లార్చకుండానే ఒలిచామని అంటున్నాడు. మా పద్ధతి ఇది: గుడ్లను గిన్నెలో పేర్చి, చన్నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి పొయ్యి మీద పెడతాము, నీళ్లు మరిగిన తరువాత పది నిమిషాలు ఉంచుతాము. ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజమో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పరకాల కోడలు

మీ అమ్మగారి మాటే నిజమండీ. మా అత్తగారింట్లో పది పన్నెండు నాటుకోళ్లు ఉన్నాయి. మా ఆడపడుచు ప్రసవమై పుట్టింటికి వచ్చినప్పుడు బాలింతకు బలమని ఏ రోజు పెట్టిన గుడ్డును ఆ రోజే ఉడకబెట్టి ఇచ్చేవాళ్లము. పొద్దున గంప కింద నుంచి వెచ్చగా తీసిన గుడ్డు మధ్యాహ్నం ఉడికిస్తే ఒక్కటంటే ఒక్కటి నున్నగా వచ్చేది కాదు. పెంకు గోరంత గోరంతగా విరుగుతూ, ప్రతి ముక్కకూ తెల్లసొన అంటుకుని వచ్చేది. అదే గుడ్లను ఆరేడు రోజులు బియ్యం డబ్బాలో ఉంచి తీస్తే హాయిగా ఊడేవి. నీళ్లు అవే, పొయ్యి అదే, ఉడికించే చెయ్యి కూడా నాదే. మారింది గుడ్డు వయసు ఒక్కటే కదా.

కాజీపేట క్వార్టర్స్

నేను ముప్పై ఏళ్లుగా ఉప్పు వేసే ఉడికిస్తున్నాను, నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఉప్పు పెంకులోంచి లోపలికి వెళ్లి తెల్లసొనను పొర నుంచి విడదీస్తుందని మా నాన్నగారు చెప్పేవారు. ఉప్పు చాలకపోతే చిటికెడు వంట సోడా కూడా వేయండి.

సైన్స్ టీచర్, వడ్డేపల్లి

ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పరకాల అక్కగారు చెప్పినది నిజమే, దానికి కారణం కూడా తెలిసినదే. గుడ్డు పెంకు మీద కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. అప్పుడే పెట్టిన గుడ్డులోని తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, తాజా గుడ్డును పగలగొడితే తెల్లసొన కాస్త మసకగా కనిపించడానికి అదే కారణం. అప్పుడు దాని పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 8కి అటూ ఇటుగా ఉంటుంది. రోజులు గడిచే కొద్దీ ఆ వాయువు రంధ్రాల గుండా బయటికి పోయి పీహెచ్ 9 దాటుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు ఉడికిన తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది, పెరిగిన తరువాత ఆ పట్టు సడలుతుంది. పైగా రోజులు గడిచే కొద్దీ లోపలి తేమ ఆవిరై వెడల్పు కొన దగ్గరి గాలి గది పెద్దదవుతుంది, అందువల్ల ఒలవడం మొదలుపెట్టడానికి వేలు పెట్టేంత చోటు దొరుకుతుంది.

అయితే మెస్ వారి సమస్యకు ఇది పూర్తి జవాబు కాదు. ఫారం నుంచి దుకాణానికి వచ్చిన గుడ్డుకు ఎలాగూ కొన్ని రోజుల వయసు ఉంటుంది, అయినా వారి గుడ్లు అంటుకున్నాయి. అసలు తప్పు చన్నీళ్లతో మొదలుపెట్టడంలో ఉందని నేను నమ్ముతున్నాను. చన్నీళ్లలో పెట్టిన గుడ్డు మెల్లమెల్లగా వేడెక్కుతుంది, తెల్లసొన 60 డిగ్రీలు దాటిన దగ్గర నుంచి నిదానంగా గడ్డకడుతూ, ఆ వ్యవధిలో పొరతో పాటే అతుక్కుపోతుంది. మరిగే నీళ్లలో దింపిన గుడ్డులో పైపైన ఉన్న తెల్లసొన వెంటనే బిగిసి తనలో తాను ముడుచుకుంటుంది, పొరను పట్టుకునేంత వ్యవధి దానికి దొరకదు.

ఈ మాట విని నమ్మకుండా ఇంట్లో చేసి చూశాను. ఒకే ట్రేలోని 12 గుడ్లు తీసుకుని, ఆరింటి మీద పెన్సిల్‌తో ‘చ’ అని, ఆరింటి మీద ‘వ’ అని రాశాను. మొదటివి చన్నీళ్లలో పెట్టాను, రెండోవి మరిగే నీళ్లలో దింపాను, తరువాత అన్నింటినీ ఒకే బకెట్ నీళ్లలో పది నిమిషాలు చల్లార్చాను. ‘వ’ గుడ్లలో ఐదు నున్నగా వచ్చాయి, ఆరో దానికి చిన్న గుంట పడింది. ‘చ’ గుడ్లలో రెండే బాగా వచ్చాయి. ఒకదాని పెంకును వెలుతురులో పెట్టి చూస్తే, పొర మీద తెల్లసొన సున్నం పూసినట్టు పలుచగా పరుచుకుని ఉంది, గోటితో గీకినా రాలేదు. 12 గుడ్లతో తీర్పు చెప్పకూడదని మరో రెండు ఆదివారాలు అలాగే చేశాను, ఫలితం పెద్దగా మారలేదు.

ఇక ఉప్పు సంగతి. లీటరు నీటికి ఒక చెంచా ఉప్పు వేస్తే నీరు మరిగే వేడి పెరిగేది సుమారు డిగ్రీలో పదో వంతు మాత్రమే. పది నిమిషాల్లో అది పెంకునూ పొరలనూ దాటి లోపల పనిచేసేంతగా చేరడం జరిగే పని కాదు. గుడ్డు పగిలినప్పుడు కారే తెల్లసొన త్వరగా గడ్డకట్టి పగులును మూయడానికి ఉప్పు పనికివస్తుంది, అంతవరకు వేయండి. వంట సోడా క్షారం కాబట్టి ఆ ఆలోచనలో తర్కం ఉంది కానీ, ఆ కొద్దిసేపట్లో దాని ప్రభావం తక్కువ, ఎక్కువైతే గుడ్డుకు వాసన పడుతుంది.

కాజీపేట క్వార్టర్స్

టీచర్ గారూ, ముప్పై ఏళ్లుగా నాకు గుడ్లు బాగా వస్తున్నాయన్నది కూడా నిజమే కదండీ. దానికి మీ సమాధానం ఏమిటి?

సైన్స్ టీచర్, వడ్డేపల్లి

మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు సార్. మీరు గుడ్లను ఉప్పు వేసిన చన్నీళ్లలో పెడుతున్నారా, లేక మరిగిన తరువాత వేస్తున్నారా అన్నది చెప్పగలరా?

కాజీపేట క్వార్టర్స్

మరిగిన తరువాతే వేస్తాను. చన్నీళ్లలో పెడితే ఎంతసేపు ఉడికిందో లెక్క తెలియదని మొదటి నుంచీ అదే అలవాటు.

అంగన్‌వాడీ టీచర్, ములుగు వైపు

మీ చర్చ నాకు రోజూ పనికివచ్చేది. 2015 జనవరిలో తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి మా కేంద్రంలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు గుడ్డు పెడుతున్నాము. పెంకుతో పాటు పావు వంతు తెల్లసొన చెత్తలోకి పోతే ఆ తల్లికి అందవలసినదే పోయినట్టు. గుడ్డులోని మాంసకృత్తుల్లో సగానికి పైగా తెల్లసొనలోనే ఉంటాయి. అందుకే నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

అయితే రెండు అభ్యంతరాలు చెప్పాలి. గుడ్లను పాతబడనివ్వమన్న సలహా మా ఎండల్లో మంచిది కాదు. మే నెలలో రేకుల గది లోపల గుడ్డు వారం రోజులు ఉంటే పెంకు బాగా ఊడుతుందేమో కానీ, గుడ్డే పాడయ్యే ప్రమాదం ఉంది. నేను ప్రతి గుడ్డునూ ముందు నీళ్లలో వేసి చూస్తాను. అడుగున పడుకున్నది తాజాది, అడుగునే నిలబడినది కొంచెం పాతది, పైకి తేలినదాన్ని పగలగొట్టకుండానే పారేస్తాను. రెండో అభ్యంతరం మరిగే నీళ్ల గురించి. ఒకసారి అలా చేస్తే ఎనిమిది గుడ్లు టపటపా పగిలాయి, తెల్లసొన నురగలా నీళ్లంతా తేలింది. పగిలిన గుడ్డు కంటే పెచ్చులు ఊడిన గుడ్డే నయం కదా?

సుబేదారి వంటిల్లు

అక్కా, పగుళ్లకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. నీళ్లలో వేయకుండా ఆవిరి మీద ఉడికించండి. ఇడ్లీ పాత్రలో అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి, బాగా ఆవిరి వచ్చిన తరువాత ఇడ్లీ గుంతల్లో ఒక్కొక్క గుడ్డును పెట్టి మూత వేయండి. పన్నెండు, పదమూడు నిమిషాల్లో గట్టిగా ఉడుకుతుంది. టీచర్ గారు చెప్పిన వేడి మొదటి క్షణం నుంచే తగులుతుంది, గుడ్లు ఒకదానితో ఒకటి కొట్టుకోవు, గ్యాస్ కూడా తక్కువ పడుతుంది.

నీళ్లలోనే వేయాలనుకుంటే ఫ్రిజ్ నుంచి తీసిన గుడ్లను వెంటనే వేయకండి. అరగంట బయట ఉంచి, జాలి గరిటెతో ఒక్కొక్కటిగా దింపి, వెంటనే మంట తగ్గించండి. గుడ్లు పగలడానికి నీళ్ల వేడి ఒక్కటే కారణం కాదు, కుతకుతలాడే నీళ్లలో అవి గిన్నె అడుగుకు కొట్టుకోవడం కూడా.

హంటర్ రోడ్

మేము కుక్కర్‌లో ఒక్క విజిల్ ఇస్తాము, పెంకు బాగానే వస్తుంది. రెండో విజిల్ వస్తే మాత్రం పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది.

సైన్స్ టీచర్, వడ్డేపల్లి

ఆ గీత పచ్చసొనలోని ఇనుము, తెల్లసొన నుంచి వచ్చే గంధకపు వాయువు కలవడం వల్ల ఏర్పడుతుంది. దానివల్ల హాని లేదు, ఎక్కువసేపు ఉడికిందనడానికి గుర్తు మాత్రమే. చన్నీళ్లలో చల్లార్చడం ప్రధానంగా పనికివచ్చేది ఇక్కడే, ఉడకడం అక్కడితో ఆగుతుంది. దుకాణం ఆయన మాటలో ఆ మేరకు నిజం ఉంది కానీ, ఉడికేటప్పుడే అతుక్కున్న పొరను చన్నీళ్లు విడదీయలేవు.

మెస్ వారికి ఒక హెచ్చరిక. 60 గుడ్లను ఒకేసారి మరిగే నీళ్లలో వేస్తే నీళ్ల వేడి ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ మరగడానికి చాలాసేపు పడుతుంది, అప్పుడు చన్నీళ్లతో మొదలుపెట్టిన దానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. ముప్పై చొప్పున రెండు వాయిలుగా వేయండి, నీళ్లు ధారాళంగా పోయండి.

పరకాల కోడలు

నిన్న పెట్టిన నాలుగు నాటుకోడి గుడ్లను ఈరోజు టీచర్ గారి పద్ధతిలోనే మరిగే నీళ్లలో దింపి చూశాను. మూడు బాగా వచ్చాయి, ఒకదానికి మాత్రం వెడల్పు కొన వైపు అంటుకుంది. ఒక రోజు గుడ్డుకు మూడు రావడం మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగోది అంటుకున్నదంటే వయసుకు కూడా వాటా ఉన్నట్టే, ఆ మాట మీరు కూడా ఒప్పుకోవాలి.

సైన్స్ టీచర్, వడ్డేపల్లి

తప్పకుండా ఒప్పుకుంటున్నాను అక్కా.

నయీంనగర్ మెస్

బుధవారం రెండు వాయిలుగా వేశాము. మా వంటమాస్టర్ ఉప్పు మానడానికి ఒప్పుకోలేదు కాబట్టి ఉప్పు కూడా వేశాము. పెద్ద జాలి బుట్టలో పెట్టి మెల్లగా దించి, మంట తగ్గించి పదకొండు నిమిషాలు ఉంచి, రెండు బకెట్ల నీళ్లు మార్చి చల్లార్చాము. తరువాత ప్రతి గుడ్డును వెడల్పు కొన వైపు తట్టి, అరచేతి కింద ఒక్కసారి దొర్లించి, నీళ్లలో ముంచి ఒలిచాము. తడి పొర పెంకు ముక్కలన్నింటినీ పట్టుకుని ఒకే పట్టీలా చుట్టుకుంటూ వచ్చింది. 60లో మూడు పగిలాయి, రెండింటికి పెచ్చు ఊడింది. మిగిలిన 55 గుడ్లు గాట్లు పెట్టి పులుసులో వేశాము.

అంగన్‌వాడీ టీచర్, ములుగు వైపు

మా కేంద్రంలో ఇడ్లీ పాత్ర లేదు. మా ఇంట్లోది సోమవారం తీసుకువెళుతున్నాను. నాలుగు ప్లేట్లకు 16 గుడ్లు పడతాయి, మాకు రోజూ కావలసినవి 14.