‘బ్లాకింగ్’కు ‘పడిగాపులు’ సరిపోతుందా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలకు ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద ప్రోగ్రాములు నేర్పుతూ, ‘బ్లాకింగ్’ (ఒక పని ముగిసేదాకా ప్రోగ్రాము అక్కడే ఆగిపోవడం) అనే మాటను తెలుగులో చెప్పబోయి చిక్కుకున్నాను. ‘నిరోధకం’ అన్నాను, పిల్లలు బోర్డు మీది రెసిస్టరును చూపించారు. తప్పు వారిది కాదు, భౌతికశాస్త్రంలో ఆ పేరు దానికి ఎప్పుడో స్థిరపడింది.

‘వేచి ఉండడం’ కూడా చాలదు. కంప్యూటరు నుంచి సీరియల్ మార్గంలో పంపిన ఆదేశం అక్షరం తరువాత అక్షరంగా వస్తుంది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంలో, అక్షరానికి ముందూ వెనుకా ఉండే బిట్లతో కలిపి పది బిట్లు కాబట్టి, ఒక్కో అక్షరానికి మిల్లీసెకనుకు పైగా పడుతుంది. ఆలోగా ఊనో గడియారం పదహారు వేలకు పైగా టిక్కులు వేస్తుంది. కనుక ఏ పద్ధతిలో రాసినా ప్రోగ్రాము వేచి ఉండవలసిందే, తేడా అంతా ఎలా వేచి ఉంటుందన్నదే. రీడ్‌స్ట్రింగ్‌అంటిల్ ఫంక్షన్ (పంక్తి మొత్తాన్ని ఒకేసారి చదివి ఇచ్చేది) పంక్తి ముగింపు గుర్తు కోసం మిగతా పనులన్నీ మానుకొని అక్కడే నిలబడుతుంది. ఆ సమయంలో లూప్ (ప్రోగ్రాములో మళ్లీ మళ్లీ తిరిగే భాగం) బటన్‌ను చూడదు, మిణుకుమిణుకుమనవలసిన దీపం కదలదు. ఇవి పడిగాపులు. ఘటనల ఆధారంగా నడిచే ప్రోగ్రాము మాత్రం, వంట చేసుకుంటూ మధ్యమధ్యలో గుమ్మంలోకి తొంగిచూసే ఇల్లాలిలాగా, ప్రతి చుట్టులోనూ అక్షరం వచ్చిందేమో చూసి, వస్తే దాచుకొని, రాకపోతే తన పనికి వెళ్లిపోతుంది. పంక్తి పూర్తయ్యాకే ఆదేశాన్ని అమలు చేస్తుంది. దీనిని ‘తొంగిచూపు’ అనవచ్చునా?

(‘ఈవెంట్’కు ‘సంఘటన’ బదులు ‘ఘటన’ అని కావాలనే రాశాను. ఒడియాలో ‘సంగఠన’ అంటే సంఘం. మా పిల్లల చెవికి రెండూ ఒకటే. ‘ఘటణా’ వారికి ముందే తెలుసు.)

వ్యాఖ్య: పడిగాపులంటే ఎంతసేపు కాచినా ఫలితం దక్కని నిరీక్షణ అనే ధ్వని ఉంది కదండీ. మీ ఫంక్షన్ ఎప్పటికో ఒకప్పటికి తిరిగి వస్తుంది.

జవాబు: నిజమేనండీ, దానికి మామూలుగా 1000 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. అయితే సీరియల్ మానిటరులో (కంప్యూటరులో ఆదేశాలు టైపు చేసి పంపే కిటికీలో) పంక్తి ముగింపు పంపవద్దని ఎంచుకుంటే, ఆదేశం మొత్తం చేరిపోయినా, ఎన్నటికీ రాని గుర్తు కోసం ఆ సెకను పూర్తిగా కాస్తుంది. మీరన్న ధ్వని అక్కడ అచ్చంగా సరిపోతుంది. గడువు ఉన్నందున ‘గడువు పడిగాపులు’ అందాము. తొంగిచూపుకూ ఒక షరతుంది: ఊనో రాక నిల్వ (వచ్చిన అక్షరాలు చదివేదాకా ఉండే చోటు) 64 బైట్లు, అక్షరానికి ఒకటి చొప్పున, మాత్రమే కనుక, 9600 బాడ్‌లో అక్షరాలు ఆగకుండా వస్తున్నప్పుడు 67 మిల్లీసెకన్లు గుమ్మం వైపు చూడకపోతే కొత్తవి జారిపోతాయి.