చిన్న మీటా, పెద్ద షోనా: మీరు దేనికి వెళ్తారు, ఎందుకు?

బాగ్‌లింగంపల్లి_పాఠకుడు
కామిక్ కాన్ (బొమ్మల కథల అభిమానుల కోసం పెట్టే పెద్ద ప్రదర్శన) టికెట్ల గురించి మళ్లీ అందరూ అడుగుతున్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. హైదరాబాద్ హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్ లాంటి చోట్ల జరిగే పెద్ద షోలు నాకు అక్కర్లేదు. టికెట్ కొనడం, లైన్లో నిలబడడం, టీషర్టు కొనడం, ఫొటో దిగడం, ఇంటికి రావడం. బొమ్మల కథల గురించి మాట్లాడుకునేది ఎక్కడ? అభిమానులు తమంతట తాము పెట్టుకునే సభల తీరే వేరు. సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ వరల్డ్‌కాన్ 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. నడిపేది జీతాలు లేని అభిమానులే. సభ్యత్వం కట్టినవాళ్లే హ్యూగో అవార్డులకు, అంటే సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే బహుమతులకు, ఓటేస్తారు, సభ ఏ ఊళ్లో జరగాలో కూడా వాళ్లే ఎన్నుకుంటారు. పదిహేను మందితో అయినా సరే, మనకు కావాల్సింది అలాంటిది.

ఉప్పల్_మెట్రో
చిన్న మీట్లకు టికెట్ ఉండదు. నాకు అదొక్కటి చాలు.

ఫోమ్‌కవచం
పాఠకుడు గారూ, మీరు చెప్పిన ఆ 1939 న్యూయార్క్ సభలోనే ఆరుగురు అభిమానులను గుమ్మం దగ్గర ఆపేశారు. వాళ్లది వేరే క్లబ్బు, లోపలికొస్తే గొడవ చేస్తారని నిర్వాహకుల భయం. ఆ ఆరుగురిలో ఒకరు ఫ్రెడరిక్ పోల్, తర్వాత పెద్ద సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు. అభిమానులు నడిపినంత మాత్రాన తలుపు అందరికీ తెరిచి ఉంటుందని ఏమీ లేదు.

పెద్ద షోకి నేనెందుకు వెళ్తానో చెప్తాను. రాణిగంజ్‌లో ఫోమ్ షీట్లు కొని, హీట్ గన్‌తో వంచి, రాత్రుళ్లు కూర్చుని వేషం కోసం కవచం చేసుకున్నాను. లైన్లో ఉండగానే ఎడమ భుజం ముక్క ఊడింది. ముందు నిలబడ్డ అమ్మాయి ఎవరో కూడా తెలియదు. తన బ్యాగులోంచి గమ్ ట్యూబు తీసి, ఊడిన అంచుకి, భుజం పట్టీకి పల్చగా రాసి, "ఇప్పుడే అంటించకు, చేతికి అంటుకోకుండా ఆరనియ్యి" అంది. ఆ కాసేపూ మేం ఫోమ్ మందం గురించి, విగ్గు దువ్వడం గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాట్లాడేదెక్కడ అన్నారు కదా, ఇదిగో, లైన్లోనే.

బాగ్‌లింగంపల్లి_పాఠకుడు
నేను అడిగింది కథల గురించి. గమ్ గురించి కాదమ్మా. ఫ్యాన్సీ డ్రెస్ వేరు, అభిమానం వేరు.

ఫోమ్‌కవచం
అదే 1939 సభకి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్తు కాలపు దుస్తులు వేసుకుని వచ్చారు. కుట్టింది డగ్లసే. మీ ఆదర్శ సభ తొలిరోజుల నుంచే వేషం ఉంది.

ఉప్పల్_మెట్రో
ఇంతకీ టికెట్ ఎక్కువా కాదా? అది చెప్పండి ముందు.

రాత్రిబండి
టికెట్ పక్కన పెట్టన్నా. పెద్దది అనగానే కంపెనీది అనుకుంటున్నారు ఇద్దరూ. టోక్యోలో కామికెట్ అనే కామిక్స్ అభిమానుల సంత 1975లో 32 బృందాలతో, దాదాపు 700 మందితో మొదలైంది. ఇప్పుడు లక్షల్లో వస్తారు. ఇప్పటికీ మోసేది వాలంటీర్లే, అమ్ముడుపోయేది ఎక్కువగా అభిమానులు సొంతంగా అచ్చేసుకున్న పుస్తకాలే. అమెరికాలోని శాన్ డియాగో కామిక్ కాన్ కూడా 1970లో ఒక హోటల్లో మొదలైంది, ఈనాటికీ లాభాపేక్ష లేని సంస్థే నడుపుతోంది. మన దగ్గర అలా జరగలేదు. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ ఇండియా మొదటి నుంచీ వ్యాపారమే, 2024లో నాడ్విన్ గేమింగ్ అనే వీడియో గేమ్ పోటీల కంపెనీ దాన్ని కొనేసింది. అది తప్పని నేననను. వాళ్లు హాలు తీసుకుంటున్నారు, లైట్లు పెడుతున్నారు, మనం డబ్బులిస్తున్నాం.

బాగ్‌లింగంపల్లి_పాఠకుడు
నా బాధ కూడా అదే. డబ్బులిచ్చాం కాబట్టి పనైపోయింది అనుకునే అలవాటు వచ్చేసింది. మేం మీట్ పెట్టినప్పుడు పాత చందమామలు బైండు చేయించి తెచ్చేవాళ్లం. శంకర్ గీసిన బేతాళుడి బొమ్మ మీద భూతద్దం పెట్టి, విక్రమార్కుడి కత్తి అంచున గీత ఎక్కడ సన్నబడిందో ఒకరికొకరం చూపించుకునేవాళ్లం. గది అద్దె, జెరాక్సులు, టీ, కుర్చీలు సర్దడం, అన్నీ ముగ్గురమే చేసుకున్నాం. పెద్ద షోల రుచి తగిలాక ఒక్కొక్కరే మానేశారు. ఫోన్ చేస్తే "ఈ వారం కుదరదన్నా" అనేవాళ్లు, అదే వారం విగ్గు పెట్టుకుని ఫొటోలు పెట్టేవాళ్లు. వాళ్లను నేను అభిమానులని అనలేను. ఎవరేమనుకున్నా సరే.

ఇద్దరుపిల్లల_తండ్రి
మా పిల్లలకు ఆ బేతాళుడి బొమ్మ చూపించాలి. మళ్లీ ఎప్పుడైనా పెడితే చెప్పండి సార్.

ఫోమ్‌కవచం
ఎందుకు మానేశారో ఎవరినైనా అడిగారా? మీ మీటో కాదో నాకు తెలియదు కానీ, ఈ ఊళ్లోనే అలాంటి ఒక మీట్‌కి నేను వెళ్లాను. ఇంటర్ చదువుతున్నాను అప్పుడు. గుమ్మంలోనే ఒకాయన "ఏమేం చదివావు, ఎవరి బొమ్మలు ఇష్టం" అని అడిగాడు. టీవీలో యానిమే (జపాన్ కార్టూన్లు) చూసి మాంగా (జపాన్ బొమ్మల కథలు) లోకి వచ్చానని చెప్పాను. ఇద్దరు నవ్వారు. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. టీ కప్పు కూడా నా దాకా రాలేదు. పెద్ద షోలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఒక్క కారణానికే ఎంత టికెట్ అయినా కొంటాను.

బాగ్‌లింగంపల్లి_పాఠకుడు
అడగడం తప్పెలా అవుతుంది? ఎవరు ఏం చదివారో తెలియకపోతే మాట ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోమ్‌కవచం
కూర్చోబెట్టి అడగడం వేరు, గుమ్మంలో నిలబెట్టి అడగడం వేరు.

రాత్రిబండి
ఇప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఇది హాలు సైజు గొడవ కాదు. అన్న కుర్చీలు మోసేవాళ్లు కావాలంటున్నాడు, ఆమె కూర్చోనిచ్చేవాళ్లు కావాలంటోంది.

బాగ్‌లింగంపల్లి_పాఠకుడు
అవును, మోసేవాళ్లే కావాలి. వచ్చిన ప్రతివాడూ కూర్చుని వెళ్లిపోతే రెండో నెలకి మీట్ ఉండదు. అనుభవించి చెప్తున్నా. మళ్లీ పెడితే వచ్చినవాళ్లందరికీ ఏదో ఒక పని అప్పగిస్తాను, లేదంటే పెట్టను.

ఫోమ్‌కవచం
పని చెప్పండి, చేస్తాను. కుర్చీలేం ఖర్మ, స్టాండ్లు కూడా చేసిస్తా. కానీ కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి రోజే పని చెప్పకూడదు, పరీక్ష అసలే పెట్టకూడదు. దీనికి ఒప్పుకుంటేనే వస్తాను.

బాగ్‌లింగంపల్లి_పాఠకుడు
పరీక్ష పెట్టను. పని మాత్రం మొదటి రోజు నుంచే.

ఫోమ్‌కవచం
అయితే నేను హైటెక్స్‌కే వెళ్తాను.

ఉప్పల్_మెట్రో
టికెట్ ఎంతో ఇంకా ఎవరూ చెప్పలేదు.