ఊపిరితిత్తి రెండోసారి కుంచించుకుపోయింది, కీహోల్ ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న (మిర్యాలగూడ నుండి):
మా తమ్ముడికి 22 ఏళ్లు, పొడవుగా, బక్కగా ఉంటాడు. నిరుడు ఎడమ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంచించుకుపోతే, నల్లగొండలో ఛాతీకి గొట్టం వేసి నయం చేశారు. పోయిన వారం వడ్ల బస్తాలు ఎత్తిన రోజు సాయంత్రమే మళ్లీ అదే వైపు నొప్పి, ఆయాసం మొదలయ్యాయి. ఇప్పుడు గొట్టం వేసి, హైదరాబాద్‌కు వెళ్లి వ్యాట్స్ (చిన్న గాట్లతో, కెమెరాలో చూస్తూ చేసే కీహోల్) ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. గొట్టంతో తగ్గేదానికి ఆపరేషన్ ఎందుకని మా అమ్మ భయపడుతోంది. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్, ఛాతీ వార్డులో పనిచేసిన నర్సు):
గొట్టం లోపల చేరిన గాలిని తీస్తుందే గాని, గాలి కారే చోటును బాగుచేయదు. ఇటువంటి యువకుల్లో చాలామందికి ఊపిరితిత్తి పైకొసన పలుచని గాలి పొక్కులుంటాయి. అవి పగిలినప్పుడే ఈ జబ్బు వస్తుంది. మొదటిసారి వచ్చినవారిలో ఇంచుమించు మూడో వంతు మందికి తిరిగి వస్తుంది, రెండోసారి వచ్చాక ఆ అవకాశం మరింత పెరుగుతుంది కాబట్టే ఇప్పుడు ఆపరేషన్ మాట ఎత్తారు. పూర్తి మత్తు ఇచ్చి, పక్కటెముకల మధ్య ఒకటి నుండి మూడు చిన్న గాట్లు పెట్టి, కెమెరాలో చూస్తూ ఆ పొక్కులున్న భాగాన్ని స్టేప్లర్‌తో కత్తిరించి మూసివేస్తారు. ఆ తరువాత ఛాతీ లోపలి పొరను గీరి గాని, టాల్క్ పొడి చల్లి గాని ఊపిరితిత్తి ఛాతీ గోడకు అంటుకునేలా చేస్తారు. అమ్మగారికి ముఖ్యంగా దీన్నే వివరించండి, ఎందుకంటే అలా అంటుకున్నాక మళ్లీ ఎక్కడైనా గాలి కారినా ఊపిరితిత్తి కుంచించుకుపోవడానికి చోటుండదు.

నార్కట్‌పల్లి మీదుగా తీసుకెళ్లేటప్పుడు ఛాతీ గొట్టానికి తగిలించిన నీటి సీసాను ఎప్పుడూ ఛాతీ కంటే దిగువనే ఉంచండి. సీసాలో బుడగలు వస్తున్నంత కాలం గొట్టానికి క్లాంపు (దాన్ని నొక్కి మూసే క్లిప్పు) వేయకూడదు. వేస్తే లోపల గాలి ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

జవాబు 2 (దేవరకొండ నుండి):
నాకు ఇదే ఆపరేషన్ జరిగింది. గాట్లు చిన్నవే అయినా మొదటి రోజుల్లో నొప్పి గట్టిగానే ఉంటుంది, అది ముందే తెలిస్తే మంచిది. నొప్పికి భయపడి దగ్గడం, లోతుగా ఊపిరి తీయడం మానకూడదు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మాన్పించండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరేటప్పుడే అడగండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బస్తాలు ఎత్తమన్నది తానేనని అమ్మ కుమిలిపోతోంది. నిజంగా దానివల్లే వచ్చిందా?

జవాబు 1:
లేదమ్మా. ఈ జబ్బు ఎక్కువమందికి ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడే వస్తుంది. ఆ మాట సర్జన్ నోటి నుండే అమ్మగారికి వినిపించండి.