ట్రాప్ ప్రాక్టీస్ తర్వాత జబ్బ కమిలిపోతోంది, మందపాటి ప్యాడ్ కొనమంటారా?

అరండల్‌పేట_డెంటిస్ట్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. నాకు గుంటూరు అరండల్‌పేటలో చిన్న డెంటల్ క్లినిక్ ఉంది. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, వాడి పుణ్యమా అని ఈ ట్రాప్ షూటింగ్ (మెషిన్ గాల్లోకి విసిరే క్లే అనే పళ్లేన్ని గన్‌తో పగలగొట్టే ఆట) పిచ్చి నాకూ అంటుకుంది. వీలున్న ఆదివారాల్లో అక్కడికి వెళ్లి, ఒక రేంజ్‌లో కోచ్ దగ్గర వాళ్ల గన్‌తోనే నేర్చుకుంటున్నాను. 12 బోర్ (బోర్ అంటే గొట్టం సైజు), ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెల్స్ ఉండే రకం. సొంత గన్ లేదు. లైసెన్సు సంగతి ఇంకా ఆలోచించలేదు.

మొదటి రౌండ్ హాయిగానే ఉంటుంది. రెండో రౌండ్ సగానికి వచ్చేసరికి ట్రిగ్గర్ నొక్కక ముందే కళ్లు మూసుకుపోతున్నాయి. ఇక క్లే ఎటు పోయిందో, గన్ ఎటు తిరిగిందో ఆ దేవుడికే తెలియాలి. సోమవారం పేషెంట్ నోట్లో ఎయిరోటర్ (పన్ను డ్రిల్ మెషిన్) పెట్టాలంటే కుడి చెయ్యి లేవనంటుంది. అది నా అన్నం పెట్టే చెయ్యి కదా, టెన్షన్‌గా ఉంది. రేంజ్‌లో అడిగితే "అలవాటైతే అదే సర్దుకుంటుంది మేడమ్" అంటారు.

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 52 కేజీలు. స్టాక్ (భుజానికి ఆనించే గన్ వెనక భాగం) వెనక తొడుక్కునే రబ్బరు ప్యాడ్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, అంగుళం మందం ఉంది. కొనమంటారా?

కొరిటెపాడు_స్కీట్ (గుంటూరు)

మేడమ్, ప్యాడ్‌తో ఏం పోతుంది? గన్నే మార్చండి. గొట్టం ఇంకా సన్నగా ఉండే 20 బోర్ తీసుకుంటే ఆడవాళ్లకు తేలిగ్గా ఉంటుంది. లేదంటే పేలిన మందు గ్యాస్‌తో తనంతట తానే లోడ్ అయ్యే సెమీ ఆటో. నేనొకసారి కొట్టి చూశాను, భుజాన్ని ఎవరో మెత్తగా నెట్టినట్టు ఉంటుందంతే.

పటమట_పెద్దాయన (విజయవాడ)

ప్యాడ్ ఆర్డర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి డాక్టరు గారూ. కమిలింది సరిగ్గా ఎక్కడ? కాలర్ ఎముక కింద గుంటలోనా, జబ్బ కండ మీదా, చంక దగ్గరా? చెంపకు ఏమైనా తగులుతోందా? కుడి చేతి మధ్యవేలు వాస్తోందా? ఇవి తెలియకుండా సలహా ఇవ్వడమంటే నోరు తెరిపించకుండానే పన్ను పీకడం.

ఇంకొకటి. తూటాల పెట్టె మీద గుళ్ల బరువు ఎన్ని గ్రాములు, గుళ్ల సైజు ఏ నంబరు అని రాసి ఉందో చూసి చెప్పండి.

అరండల్‌పేట_డెంటిస్ట్

జబ్బ మీదే సార్. భుజం మలుపు దాటాక రెండంగుళాలు కిందికి, నెలవంక ఆకారంలో నల్లగా ఉంది. గుంటలో ఏమీ లేదు. రెండో రౌండ్‌కి చెంప కూడా మండుతుంది. వేలు బాగానే ఉంది. పెట్టె ఫోటో తమ్ముడు పంపాడు: 28 గ్రాములు, నంబరు 7½, 70 మి.మీ.

పటమట_పెద్దాయన

అయితే ఆ ప్యాడ్ మీకు అస్సలు వద్దు. తొడిగితే నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఎందుకంటే, ట్రిగ్గర్ నుంచి స్టాక్ వెనక అంచు వరకు ఉండే పొడవు మామూలు గన్‌లకు 14½ అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. అది ఆరడుగులకు కాస్త తక్కువ ఉండే మగవాడికి, అదీ జాకెట్ వేసుకున్నవాడికి కుదిరే కొలత. మీ ఎత్తు మనిషికి సాధారణంగా 13½ చుట్టుపక్కల సరిపోతుంది. స్టాక్ పొడవైతే గుంటలోకి రాదు, జారి జబ్బ మీదికి పోతుంది. జబ్బ గుండ్రంగా ఉంటుంది కాబట్టి స్టాక్ వెనక భాగం మొత్తం ఆనకుండా ఒక్క అంచే ఆనుతుంది. మీరు చెప్పిన నెలవంక ఆ అంచు ముద్రే. ఇప్పుడు దానికి ఇంకో అంగుళం రబ్బరు తగిలిస్తే 15½ అవుతుంది, గన్ మోచేతి దాకా పోతుంది.

నమ్మకం కుదరకపోతే కోచ్ ముందు చూసుకోండి. గన్ తెరిచి ఖాళీ అని ఇద్దరూ చూశాక, బ్యారెల్ రేంజ్ వైపే ఉంచి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప ఆనించి కళ్లు తెరవండి. మీ ముక్కుకీ, స్టాక్ పట్టుకున్న బొటనవేలి మొదలుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. నాలుగు పట్టాయంటే పొడవు ఎక్కువ. స్టాక్‌ని మోచేతి మడతలో పెట్టి కొలిచే పద్ధతి ఒకటి చాలామంది చూపిస్తారు. మెడ పొడవు, ఛాతీ మందం దానికి తెలియవు కాబట్టి నేను పట్టించుకోను.

రేంజ్ గన్ స్టాక్ కోయలేరు. కానీ నేర్చుకునే పిల్లల కోసం పొట్టి స్టాక్ గన్ ఒకటి పెట్టుకోవడం చాలాచోట్ల ఉంది. అది ఉందేమో అడగండి. ఉంటే సగం పని అయిపోయినట్టే. స్టాక్ కింది మూల ఛాతీకి గుచ్చుకుంటుంటే, వెనక ప్లేటు పై స్క్రూ దగ్గర పల్చటి వాషర్ వేసి పై మూలని కొంచెం వెనక్కి తేవచ్చు, అప్పుడు కింది మూల ఒత్తిడి తగ్గుతుంది. ఆడవాళ్లకు ఇది చాలాసార్లు అవసరమవుతుంది, మగ కోచ్‌లకు తట్టదు.

ఇక తూటా. నేను థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరైన వాణ్ణి, లెక్క కట్టకుండా ఉండలేను. ముందుకు పోయే సరుకు ఎంత బరువో, ఎంత వేగమో, ఆ రెండింటి గుణకారం గన్ వెనక్కి తీసుకోవాలి. సెకనుకు 400 మీటర్ల వేగంతో 28 గ్రాముల గుళ్లు, వాటి వెనక ప్లాస్టిక్ వాడ్ (గుళ్లకీ మందుకీ మధ్య ఉండే ముక్క), మందు తాలూకు గ్యాస్ అన్నీ కలిపితే, 3.5 కేజీల గన్ సెకనుకు దాదాపు 4 మీటర్ల వేగంతో మీ మీదికి వస్తుంది. అదే వేగంలో 24 గ్రాముల తూటా అయితే 3.5 మీటర్లు. తేడా చిన్నదేగా అనిపిస్తుంది, కానీ దెబ్బలోని శక్తి వేగం వర్గంతో మారుతుంది. 28కి సుమారు 27 జౌల్స్, 24కి 21, 22. అంటే నాలుగు గ్రాములు తగ్గిస్తే తన్ను ఐదో వంతు తగ్గింది. 36 గ్రాముల వేట తూటా పెడితే 24 కన్నా ఇంచుమించు రెట్టింపు. రౌండ్‌కి 25 క్లేలు, ట్రాప్‌లో రెండో గుండు కూడా కొట్టనిస్తారు, కాబట్టి సాయంత్రానికి ఈ తేడా ఎంత పేరుకుంటుందో మీరే ఊహించుకోండి.

24తో క్లే పగలదేమో అన్న బెంగ వద్దు. క్లే అంటే 11 సెంటీమీటర్ల పళ్లెం, బరువు 105 గ్రాములు. ఒలింపిక్ ట్రాప్‌లో 24 గ్రాముల తూటాకి మించి అనుమతే లేదు. మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ట్రాప్ వ్యక్తిగత కాంస్యం, టీమ్ బంగారం తెచ్చింది ఆ తూటాలతోనే. మీకు 28 ఎందుకిస్తున్నారో నాకర్థం కాలేదు, బహుశా బీరువాలో ముందు వరుసలో అవే ఉండి ఉంటాయి.

కొరిటెపాడు తమ్ముడికి: సెమీ ఆటో మాట నిజమే. గ్యాస్‌లో కొంత గన్ తనను తాను లోడ్ చేసుకోవడానికి వాడుకుంటుంది, దెబ్బ ఒక్కసారిగా కాకుండా సాగి వస్తుంది. అయితే ఖాళీ తూటా డొల్లలు కుడివైపు ఎగిరి పక్క స్టేషన్ వాళ్ల మీద పడతాయి, వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు! 20 బోర్ సంగతి మాత్రం అలా కాదు. ఆ గన్ 2.9 కేజీలు ఉందనుకుందాం. అదే 24 గ్రాములు అందులో కొడితే, 3.6 కేజీల 12 బోర్ కన్నా దాదాపు పావు వంతు ఎక్కువ తంతుంది. మోయడానికి తేలిక, కొట్టడానికి కాదు. గుళ్ల బరువు కూడా తగ్గిస్తేనే 20 బోర్‌తో సుఖం.

గన్ బరువు పెరిగితే తన్ను తగ్గుతుంది కాబట్టి, నా గన్ స్టాక్ లోపలి బోల్టు రంధ్రంలో పావు కేజీ ఉక్కు కడ్డీ వేయించాను. ఆటోనగర్‌లో లేత్ మీద తీయించా, గన్ తీసుకెళ్లలేదు లెండి, కాగితం మీద కొలత ఇచ్చానంతే. మీకు ఆ పని వద్దు. 52 కేజీల మనిషి మూడున్నర కేజీలు చేతులు చాచి మోయడమే ఎక్కువ.

చివరగా నిలబడే తీరు. తేలికగా ఉండేవాళ్లు ముందున్న బరువుకి విరుగుడుగా నడుం వెనక్కి వాలుస్తారు. అలా వాలితే గన్ తన్నినప్పుడు మీరు ఒకడుగు వెనక్కి పోతారు, బ్యారెల్ పైకి లేస్తుంది. ఎడమ మోకాలు కొంచెం వదులుగా, ముక్కు ఎడమ కాలి వేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగండి. గన్‌కీ భుజానికీ మధ్య సందు ఉండకూడదు. సందు ఉంటే గన్ వేగం పుంజుకుని వచ్చి కొడుతుంది, సందు లేకపోతే నెడుతుంది.

మొగల్రాజపురం_స్కీట్ (విజయవాడ)

పెద్దాయన చెప్పలేని సంగతి నేను చెప్తాను అక్కా. లోపలి బట్టల స్ట్రాప్‌కి పొడవు సరిచేసుకునే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది చూడండి, స్టాక్ గుంటలోకి వచ్చాక సరిగ్గా దాని మీదే ఆనుతుంది. పొట్టి గన్ దొరికాక మీకు తెలుస్తుంది ఆ బాధ. స్పోర్ట్స్ రకం, ముందువైపు ఆ ముక్క లేనిది వేసుకోండి. పుస్తెల గొలుసు ఎడమ వైపుకి తోసి లోపలికి వేసుకోండి. చున్నీకి పెట్టిన పిన్నీసు తీసేయండి. కాలరున్న కుర్తీ భుజం కుట్టు కూడా రౌండ్ చివరికి గీసుకుంటుంది.

కళ్లు మూసుకోవడానికి సగం కారణం శబ్దం. మెత్తటి ప్లగ్‌లు చెవి లోపలికంటా పెట్టుకోండి. పైన మఫ్‌లు (చెవుల్ని కప్పే డిప్పలు) కూడా వేసుకుంటే ఇంకా మంచిది, అయితే కుడి మఫ్ స్టాక్‌కి తగిలితే తల పైకి లేచిపోతుంది, పల్చటివి చూసుకోండి. చప్పుడు తగ్గితే దెబ్బ కూడా తగ్గినట్టే అనిపిస్తుంది.

కోచ్‌తో తూటాల మధ్యలో డమ్మీ తూటా (మందు లేనిది, పేలదు) మీకు తెలియకుండా పెట్టించండి. అది వచ్చినప్పుడు బ్యారెల్ కిందికి కుంగిందంటే, గన్ తన్నకముందే మీరు జంకుతున్నట్టు. నాకు అలా కనిపించిన రోజు అక్కడితో ఆపేస్తాను. డబ్బు కట్టిన రౌండ్ సగంలో ఉన్నా సరే.

అరండల్‌పేట_డెంటిస్ట్

ప్యాడ్ కార్ట్‌లోంచి తీసేశాను. కోచ్‌కి ఫోన్ చేస్తే, జూనియర్స్ గన్ లాకర్‌లో ఉందట, "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నారు! 24 గ్రాముల పెట్టెలు కూడా ఉన్నాయి, ముందురోజే చెప్పాలట. చెల్లీ, పిన్నీసు విషయం అక్షరాలా నిజం, నా కుడి భుజం మీద ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పెద్దాయన గారూ, చెంప మాట మర్చిపోయారు. దానికేం చేయాలి?

పటమట_పెద్దాయన

పొడవు గన్‌కి మెడ చాచి అందుకుంటున్నారు కాబట్టి తల స్టాక్ మీద గట్టిగా నిలవడం లేదు, ప్రతి గుండుకీ లేచి పడుతోంది. పొట్టి గన్‌తో చాలావరకు పోవాలి. అప్పటికీ మండితే, స్టాక్ మీద చెంప ఆనించే అంచుని పక్కనుంచి చూడండి. అది వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలి ఉంటే, గన్ వెనక్కి వచ్చినప్పుడు ముందున్న ఎత్తు భాగం చెంపలోకి దూసుకొస్తుంది. బ్యారెల్‌కి సమాంతరంగా ఉండే అంచు అయితే చెంప కింద జారిపోతుంది. జూనియర్స్ గన్‌కి ఆ అంచు ఎత్తు సరిచేసే స్క్రూలు ఉంటే ముందు కోచ్‌తో వెనక భాగం కొంచెం లేపించి చూడండి. స్క్రూలు లేకపోతే వెనకవైపు పల్చటి ఫోమ్ ముక్క టేపుతో అంటించమనండి, రౌండ్ అయ్యాక పీకేయొచ్చు.